సింగిల్ బోర్డు కంప్యూటరుపై ఎక్స్‌సీసోర్

ఎక్స్‌సీసోర్ అనునది ఇంజను లేని విమానములైన గ్లైడర్ల చోదకులకు దారి చూపే ఒక స్వేచ్ఛా సాఫ్టువేరు. గ్లైడరు ఎక్కడ ఉన్నది, ఎంత ఎత్తున ఉన్నది, ఆ ఎత్తుతో ఏ ఊరి వరకు చేరగలదు అనే మూడు ప్రశ్నలకు ఇది ప్రతి క్షణం లెక్క కట్టి సమాధానం చెబుతుంది. మొదట చేతిలో ఇమిడే పాకెట్ పీసీల కొరకు తయారైన ఈ సాఫ్టువేరును తరువాతి కాలంలో రాస్ప్‌బెర్రీ పై, క్యూబీబోర్డు వంటి సింగిల్ బోర్డు కంప్యూటర్లపై కూడా నడపసాగారు. ఒకే పలకపై ప్రాసెసరు, మెమొరీ, ఇతర అనుసంధానాలన్నీ అమర్చిన చిన్న కంప్యూటరును సింగిల్ బోర్డు కంప్యూటరు అంటారు. ఇటువంటి పలకకు పీడన సెన్సర్లు, జీపీఎస్ గ్రాహకం, తెర జోడించి గ్లైడరు పరికరాల ఫలకంలో అమర్చుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

గ్లైడరు ప్రయాణం - ఎత్తే ఇంధనం

గ్లైడరును మరొక విమానం లాగి గాని, నేలపై ఉన్న వించి యంత్రంతో తాడు లాగి గాని పైకి పంపుతారు. తాడు వదిలిన తరువాత గ్లైడరు నిరంతరం కొంచెం కొంచెంగా క్రిందికి దిగుతూ ముందుకు సాగుతుంది. ఒక మీటరు ఎత్తు కోల్పోయేలోగా ఎన్ని మీటర్లు ముందుకు పోగలదో ఆ సంఖ్యను గ్లైడు నిష్పత్తి అంటారు. గ్లైడు నిష్పత్తి 40 ఉన్న గ్లైడరు నిశ్చలమైన గాలిలో 1000 మీటర్ల ఎత్తు నుండి 40 కిలోమీటర్లు పోగలదు.

అంతకంటే దూరం పోవాలంటే మధ్యలో మరల ఎత్తు సంపాదించాలి. ఎండకు వేడెక్కిన నేల నుండి పైకి లేచే వేడి గాలి స్తంభాలు (థర్మళ్ళు), కొండ వాలుకు తగిలి పైకి మళ్ళే గాలి, పర్వతాలకు అవతలి వైపు ఏర్పడే గాలి తరంగాలు ఇందుకు ఉపయోగపడతాయి. గద్దలు రెక్క ఆడించకుండా ఆకాశంలో చుట్లు తిరుగుతూ పైకి పోవడం మన పల్లెల్లో అందరూ చూసే దృశ్యమే. గ్లైడరు చోదకుడు చేసేదీ అదే పని.

మోటారు వాహనానికి పెట్రోలు ఎటువంటిదో గ్లైడరుకు ఎత్తు అటువంటిది. ఎత్తు అయిపోతే గ్లైడరు దిగి తీరవలసిందే. విమానాశ్రయం అందుబాటులో లేకపోతే పొలంలో దిగాలి. పొలం కూడా లేని చోట, అనగా అడవిలోనో కొండల మధ్యనో ఎత్తు అయిపోతే ప్రాణాపాయం. కనుక "ఇంకా ఎంత దూరం పోగలం" అన్న లెక్క గ్లైడరు చోదకునికి కేవలం సౌకర్యం కాదు, అవసరం.

చరిత్ర

ఈ లెక్కలు చాలాకాలం కాగితపు పటాలు, గుండ్రని స్కేళ్ళు, మనోగణితం సాయంతో జరిగేవి. అమెరికాకు చెందిన పాల్ మెక్‌క్రెడీ తరువాతి థర్మల్ ఎంత బలంగా ఉంటుందో అంచనా వేసి, దాన్నిబట్టి రెండు థర్మళ్ళ మధ్య ఎంత వేగంతో పోవాలో నిర్ణయించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన 1956లో ప్రపంచ గ్లైడింగ్ విజేత అయ్యాడు. మనిషి కండబలంతో ఎగిరే గాసమర్ కాండర్ విమానాన్ని రూపొందించినది కూడా ఆయనే. నేటి గ్లైడరు కంప్యూటర్లన్నిటిలో "మెక్‌క్రెడీ విలువ" అనే పేరుతో ఆయన పద్ధతి నిలిచి ఉంది.

ఎలక్ట్రానిక్ గ్లైడరు కంప్యూటర్లు వచ్చిన తరువాత ఈ లెక్కలు యంత్రం చేయసాగింది. అయితే వాటిలో ఎక్కువ భాగం ఖరీదైనవి. లోపల ఏ సూత్రంతో లెక్క జరుగుతున్నదో వాడుకరికి తెలిసే వీలు ఉండేది కాదు.

ఎక్స్‌సీసోర్‌ను మొదట ఇంగ్లండుకు చెందిన మైక్ రాబర్ట్స్ వాణిజ్య సాఫ్టువేరుగా తయారు చేశాడు. ఆయన దానిని కొనసాగించలేని పరిస్థితి రాగా, 2004 చివరిలో దాని సోర్సు కోడును జీఎన్‌యూ జీపీఎల్ లైసెన్సు క్రింద అందరికీ విడుదల చేయనున్నట్లు ప్రకటించాడు. అటు పిమ్మట వివిధ దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు దానిని అభివృద్ధి చేస్తూ వచ్చారు. 2011లో వెలువడిన 6.0 శ్రేణితో ఈ సాఫ్టువేరు రూపురేఖలు చాలా మారాయి. సీ++ భాషలో వ్రాసిన ఈ ప్రోగ్రాము ఆండ్రాయిడ్, లినక్సు, విండోస్ వ్యవస్థలపైన, కోబో అనే ఈ-పుస్తక పఠన పరికరాలపైన కూడా నడుస్తుంది. ఇదే కోడు నుండి ఎల్‌కే8000 అనే మరొక గ్లైడరు సాఫ్టువేరు పుట్టింది.

ఇంగ్లండులో రూపొందిన రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పాలన్న ఉద్దేశ్యంతో తయారైన ఈ చవక పలక లినక్సును నడపగలిగింది. లినక్సు నడిచే చోట ఎక్స్‌సీసోర్ కూడా నడుస్తుంది గనుక, ఔత్సాహికులు సొంతంగా గ్లైడరు కంప్యూటర్లను తయారు చేసుకొనే మార్గం సుగమమైనది.

ఓపెన్‌వేరియో

ఈ ప్రయత్నాలలో బాగా పేరు పొందినది ఓపెన్‌వేరియో. ఇందులో సాఫ్టువేరు మాత్రమే గాక పలకల నమూనాలు, విద్యుత్ వలయాల చిత్రాలు కూడా బహిరంగంగా లభిస్తాయి. దీని తొలి రూపాలు క్యూబీబోర్డు2 అనే పలకపై ఆధారపడినవి. ఆ పలకలో రెండు కోర్ల ఏఆర్‌ఎం ప్రాసెసరు, 1 జీబీ మెమొరీ ఉంటాయి. దానికి ఒక ప్రత్యేక సెన్సరు పలక, ఎండలో కనిపించే తెర, చేతితో త్రిప్పే మీటలు జోడిస్తారు.

ఓపెన్‌వేరియోలో మూడు ప్రోగ్రాములు కలసి పని చేస్తాయి.

1. సెన్సర్డ్: పీడన సెన్సర్ల నుండి కొలతలు తీసుకొంటుంది.
2. వేరియోడ్: ఆ కొలతలను బట్టి చోదకునికి ధ్వని వినిపిస్తుంది. గ్లైడరు పైకి పోతుంటే శబ్దపు స్థాయి పెరుగుతుంది, దిగుతుంటే తగ్గుతుంది.
3. ఎక్స్‌సీసోర్: పటం చూపి, దారి లెక్కలు కడుతుంది.

ధ్వనికి ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఉంది. ఒకే థర్మల్‌లో అనేక గ్లైడర్లు తిరుగుతున్నపుడు చోదకుని చూపు బయటనే ఉండాలి. చెవితో తెలుసుకొనగలిగిన దాని కొరకు కన్ను తెరపైకి పోనవసరం లేదు.

భాగములు - పని చేయు విధానం

పీడన సెన్సరు

ఎత్తు పెరిగే కొద్దీ వాతావరణ పీడనం తగ్గుతుంది. సముద్ర మట్టం దగ్గర ప్రామాణిక పీడనం 1013.25 హెక్టోపాస్కల్‌లు. అక్కడ ఒక హెక్టోపాస్కల్ తేడా సుమారు 8.3 మీటర్ల ఎత్తుకు సమానం. గ్లైడరు పైకి పోతున్నదా దిగుతున్నదా అని వెంటనే చెప్పాలంటే 10 సెంటీమీటర్ల తేడాను కూడా గుర్తించాలి. అనగా వాతావరణ పీడనంలో సుమారు ఎనభై వేలలో ఒక వంతు మార్పును సెన్సరు పసిగట్టాలి. ఎంఎస్5611 వంటి గోరంత సెన్సర్లు ఈ పని చేయగలుగుతున్నాయి.

ఎత్తు మార్పు వేగాన్ని చూపే పరికరాన్ని వేరియోమీటరు అంటారు. ఇందులో ఒక చిక్కు ఉంది. గ్లైడరు వేగంగా పోతున్నపుడు ముక్కు పైకెత్తితే, థర్మల్ లేకపోయినా వేగం తగ్గుతూ ఎత్తు పెరుగుతుంది. ఇది గతిశక్తి స్థితిశక్తిగా మారడమే. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపు విలువతో భాగిస్తే, ఆ వేగానికి సమానమైన ఎత్తు వస్తుంది. సెకనుకు 40 మీటర్ల వేగానికి (గంటకు 144 కి.మీ.) అది సుమారు 82 మీటర్లు. సెకనుకు 30 మీటర్ల వేగానికి (గంటకు 108 కి.మీ.) అది సుమారు 46 మీటర్లు. కావున మొదటి వేగం నుండి రెండవ వేగానికి తగ్గితే, గాలి సాయం లేకుండానే గ్లైడరు దాదాపు 36 మీటర్లు పైకి పోతుంది. సాధారణ వేరియోమీటరు దీనిని థర్మల్ అని భ్రమింపజేస్తుంది. ఈ దోషాన్ని తొలగించడానికి మొత్తం శక్తిని లెక్కలోకి తీసుకొంటారు. దీనికి ప్రత్యేకమైన గొట్టం ద్వారా వచ్చే పీడనాన్ని గాని, గాలిలో వేగాన్ని కొలిచే రెండవ సెన్సరును గాని వాడతారు.

జీపీఎస్ గ్రాహకం

గ్లైడరు స్థానం, నేలపై దాని వేగం, దిశ జీపీఎస్ ద్వారా తెలుస్తాయి. ఈ సమాచారం ఎన్‌ఎంఈఏ 0183 అనే ప్రామాణిక వాక్యాల రూపంలో సీరియల్ తీగ ద్వారా గాని, బ్లూటూత్ ద్వారా గాని కంప్యూటరుకు చేరుతుంది. రాస్ప్‌బెర్రీ పై 4 వరకు వచ్చిన పలకలలో విద్యుత్తు ఆపినా నడిచే గడియారం లేదు. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5లో ఆ గడియారం ఉంది, కాని దానికి బ్యాటరీని విడిగా జోడించుకోవాలి. గడియారం లేని పలకలు సరియైన సమయాన్ని జీపీఎస్ నుండే తెలుసుకొంటాయి.

తెర

మామూలు కంప్యూటరు తెర గ్లైడరులో పనికిరాదు. గాజు పందిరి వంటి కప్పు క్రింద కూర్చున్న చోదకునిపై ఎండ నేరుగా పడుతుంది. కనుక మామూలు తెర కంటె అనేక రెట్లు ప్రకాశవంతమైన తెర కావాలి. వెలుతురును ప్రతిఫలించి చూపే ఈ-పుస్తక పరికరాల తెరలు ఎండలో ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. పారాగ్లైడింగ్ చేసేవారిలో కొందరు కోబో పరికరాలను ఎంచుకోవడానికి ఇదే కారణం.

విద్యుత్తు

గ్లైడరులో ఇంజను లేదు గనుక విద్యుత్తు బ్యాటరీ నుండే రావాలి. 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీలో 84 వాట్-గంటల శక్తి ఉంటుంది. పలక, తెర, సెన్సర్లు కలసి 10 వాట్లు వాడితే కాగితం మీద ఎనిమిది గంటలు వస్తుంది. బ్యాటరీ పాతబడడం, చలి, రేడియో వాడకం వంటి వాటిని కలిపితే అంతకంటే తక్కువే వస్తుంది. 12 వోల్టులను పలకకు కావలసిన 5 వోల్టులకు తగ్గించే కన్వర్టరు నాసిరకం అయితే 118 నుండి 137 మెగాహెర్ట్జ్‌ల మధ్య పనిచేసే విమాన రేడియోలో గరగర శబ్దాలు వస్తాయి.

సాఫ్టువేరు అమరిక

డెబియన్ లినక్సు భాండాగారంలో ఎక్స్‌సీసోర్ ప్యాకేజీ ఉంది. కనుక దానిపై ఆధారపడిన రాస్ప్‌బెర్రీ పై వ్యవస్థలో దీనిని స్థాపించడం కష్టం కాదు. కొత్త రూపాంతరం కావాలనుకొనేవారు సోర్సు కోడును తెచ్చుకొని తామే కంపైలు చేసుకొంటారు. డెస్కుటాపు కిటికీలు ఏవీ లేకుండా నేరుగా తెరపై బొమ్మ గీసేలా కూడా దీనిని నడపవచ్చు. అందువలన కంప్యూటరు తొందరగా మొదలవుతుంది, మెమొరీ కూడా ఆదా అవుతుంది.

స్థాపించిన తరువాత ఈ క్రింది సమాచారం అందివ్వాలి.

* పటం: నేల ఎత్తుపల్లాలు, రోడ్లు, నదులు, ఊళ్ళు. ఇటువంటి పటాలకు ఆధారమైన ఎత్తుల సమాచారంలో 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల యాత్రలో రాడారుతో సేకరించినది ముఖ్యమైనది. దీనిని ఎస్‌ఆర్‌టీఎం అంటారు.
* స్థలాల జాబితా: విమానాశ్రయాలు, దిగదగిన చోట్లు, మలుపు బిందువులు.
* గగనతల పరిమితులు: అనుమతి లేకుండా ప్రవేశించకూడని ఆకాశ భాగాలు.
* పోలార్ వక్రం: ఆ రకం గ్లైడరు ఏ వేగంతో పోతే సెకనుకు ఎంత దిగుతుందో తెలిపే వక్రం.

పోలార్ వక్రం తయారీదారు ఇచ్చినదే అయినా వాస్తవంలో మార్పులు ఉంటాయి. రెక్కల ముందు అంచుకు పురుగులు అంటుకొంటే గ్లైడరు సామర్థ్యం తగ్గుతుంది. అందుకని ఎక్స్‌సీసోర్‌లో "బగ్స్" అనే ప్రత్యేక అమరిక ఉంది. రెక్కలలో నింపుకొన్న నీటి బరువును తెలపడానికి మరొక అమరిక ఉంది.

ప్రయాణంలో ఈ సాఫ్టువేరు గ్లైడరు తిరిగే చుట్లు గాలికి ఎటు కొట్టుకుపోతున్నవో గమనించి గాలి దిశను, వేగాన్ని కనుగొంటుంది. తెర ఎడమ ప్రక్కన తుది గ్లైడు పట్టీ ఉంటుంది. గమ్యం చేరడానికి చాలినంత ఎత్తు ఉంటే అది ఆకుపచ్చగా, చాలకపోతే ఎరుపుగా కనిపిస్తుంది. ఉన్న ఎత్తుతో ఏ దిక్కున ఎంత దూరం పోవచ్చో పటంపై గీత గీసి చూపిస్తుంది. ఆ గీత కొండల వైపు దగ్గరగా, మైదానం వైపు దూరంగా ఉంటుంది.

ప్రయాణమంతా ఐజీసీ అనే రూపంలో ఫైలుగా నమోదవుతుంది. ఈ రూపాన్ని అంతర్జాతీయ గ్లైడింగ్ కమిషను నిర్దేశించింది. అధికారిక రికార్డుల కొరకు మాత్రం ఆ కమిషను ఆమోదించిన ప్రత్యేక రికార్డరు ఉండాలి.

తూర్పు కనుమల అంచున ఒక ఉదాహరణ

ఎక్స్‌సీసోర్ ప్రారంభించగానే "ఎగురుట", "సిమ్యులేటరు" అనే రెండు ఎంపికలు చూపుతుంది. రెండవది ఎంచుకొంటే గ్లైడరు లేకుండానే, జీపీఎస్ లేకుండానే, ఏ ప్రాంతంపైనైనా ఊహా ప్రయాణం చేసి లెక్కలు పరిశీలించవచ్చు. విద్యార్థులకు ఇది ఎంతో ఉపయోగకరం. దీనికి అనకాపల్లి జిల్లాలోని గొలుగొండ, నర్సీపట్నం పరిసరాలు మంచి ఉదాహరణ. 2022 ఏప్రిల్ వరకు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇక్కడ ఒక వైపు తూర్పు కనుమలు లేస్తాయి, మరొక వైపు సముద్రం దాకా మైదానం పరచుకొని ఉంటుంది. ఈ క్రింది ప్రయాణం లెక్క కొరకు ఊహించినది మాత్రమే.

గొలుగొండ మీదుగా తిరిగి వచ్చిన ఒక గ్లైడరు నర్సీపట్నంపై సముద్ర మట్టానికి 1500 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాం. దాని గ్లైడు నిష్పత్తి 40, వేగం గంటకు 100 కి.మీ. చేరిన చోట నేలకు పైన 300 మీటర్లు మిగలాలని చోదకుడు నియమం పెట్టుకొన్నాడు.

కొండల వైపు: లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. 1500 నుండి 1000, మరల 300 తీసివేస్తే మిగిలేది 200 మీటర్లు. దానితో పోగలిగేది 8 కి.మీ. మాత్రమే. లంబసింగి నర్సీపట్నం నుండి ఆకాశ మార్గంలో అందుకు రెట్టింపు కంటె ఎక్కువ దూరాన ఉంది. కనుక చేరడం అసాధ్యం.

మైదానం వైపు: అనకాపల్లి దగ్గర నేల ఎత్తును 50 మీటర్లుగా తీసుకొంటే మిగిలేది 1150 మీటర్లు. దానితో 46 కి.మీ. పోవచ్చు. అనకాపల్లి ఆకాశ మార్గంలో సుమారు 41 కి.మీ. గనుక నిశ్చలమైన గాలిలో చేరవచ్చు. పట్టీ ఆకుపచ్చగా ఉంటుంది.

ఎదురుగాలి వస్తే: మధ్యాహ్నం సముద్రం వైపు నుండి గాలి వీచి, ప్రయాణ దిశలో ఎదురుగాలి గంటకు 20 కి.మీ. అయినదనుకొందాం. నేలపై వేగం 80 కి.మీ.కు తగ్గుతుంది. గ్లైడు నిష్పత్తి నేలను బట్టి 32 అవుతుంది. 1150 మీటర్లతో పోగలిగేది 37 కి.మీ. లోపే. 41 కి.మీ. పోవాలంటే సుమారు 1280 మీటర్లు కావాలి. అనగా ఇంకా 130 మీటర్లు తక్కువ. పట్టీ ఎరుపు రంగుకు మారుతుంది. అయినా సాగితే ఆ లోటు చోదకుడు దాచుకొన్న 300 మీటర్ల నుండి పోతుంది.

దిగుగాలి తగిలితే: గంటకు 100 కి.మీ. వేగంలో ఈ గ్లైడరు సెకనుకు సుమారు 0.7 మీటర్లు దిగుతుంది. గాలే సెకనుకు 1 మీటరు చొప్పున దిగుతున్న ప్రాంతం గుండా అదే వేగంతో పోతే, మొత్తం సెకనుకు 1.7 మీటర్లు దిగుతుంది. గ్లైడు నిష్పత్తి 40 నుండి సుమారు 16కు పడిపోతుంది. ఎదురుగాలి ఏమీ లేకపోయినా 1150 మీటర్లతో 19 కి.మీ. మించి పోలేదు.

ఇందులో నాలుగవ లెక్క ముఖ్యమైనది. నేల ఎత్తు పటంలో ఉంది, గాలి వేగం కొలవవచ్చు, కాని ముందున్న పది కిలోమీటర్లలో గాలి పైకి లేస్తున్నదో క్రిందికి దిగుతున్నదో సాఫ్టువేరుకు తెలియదు. తెరపై కనిపించే చేరే ఎత్తు "గాలి ఇలాగే ఉంటే" అన్న షరతుతో కూడిన సంఖ్య. ఆ షరతును మరచిపోవడమే ప్రమాదం.

విశ్వసనీయత, భద్రత

స్వయంగా తయారు చేసుకొన్న పరికరంలో ఎదురయ్యే ముఖ్య సమస్యలు ఈ క్రింది విధంగా ఉంటాయి.

* మెమొరీ కార్డు చెడిపోవుట: వ్రాస్తున్న సమయంలో విద్యుత్తు హఠాత్తుగా ఆగితే కార్డులోని ఫైళ్ళు పాడు కావచ్చును. దీనికి వ్యవస్థ భాగాన్ని చదువుటకు మాత్రమే వీలుగా ఉంచి, ప్రయాణ నమోదును విడి భాగంలో వ్రాయడం మంచి పద్ధతి.
* వేడి: ఎండలో మూసి ఉన్న గ్లైడరు లోపల వేడి బాగా పెరుగుతుంది. రాస్ప్‌బెర్రీ పై ప్రాసెసరు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. వేడిని వెలుపలికి పంపే లోహపు పలక అవసరం.
* తీగలు, ఫ్యూజులు: ప్రతి తీగకు తగిన ఫ్యూజు ఉండాలి. గాలిలో ఉండగా పొగ వస్తే దిగి చూసుకొనే వీలు ఉండదు.
* అమరిక: పరికరం చోదకుని చూపుకు గాని, చేతుల కదలికకు గాని, దిక్సూచికి గాని అడ్డు రాకూడదు.
* అనుమతి: ధ్రువీకరించిన గ్లైడరు ఫలకంలో శాశ్వతంగా ఏదైనా అమర్చాలంటే ఆ దేశపు విమానయాన నియమాల ప్రకారం అనుమతి ఉండాలి. మన దేశంలో ఈ విషయం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ పరిధిలోనిది.

ఎక్స్‌సీసోర్ ధ్రువీకరించిన విమాన పరికరం కాదు. గాలి వేగం, ఎత్తు చూపే యాంత్రిక పరికరాలకు ఇది ప్రత్యామ్నాయం కాదు, వాటికి తోడు మాత్రమే. విద్యుత్తు పూర్తిగా పోయినా గ్లైడరును క్షేమంగా దించగలిగిన చోదకుడే దీనిని సరిగా వాడుకొనగలడు.

స్వేచ్ఛా సాఫ్టువేరు కావడం వలన ఒక విశేష ప్రయోజనం ఉంది. పైన చూపిన లెక్కలను ప్రోగ్రాము ఎలా చేస్తున్నదో ఎవరైనా కోడులో చదివి సరిచూసుకోవచ్చును. తప్పు కనిపిస్తే తెలియజేయవచ్చును, సరిదిద్ది పంపవచ్చును. ప్రాణం ఆధారపడిన లెక్క మూసిన పెట్టెలో ఉండడం కంటె పది మంది కళ్ళ ముందు ఉండడం మేలన్నది దీని వెనుక ఉన్న భావన. అయితే కోడు తెరచి ఉన్నంత మాత్రాన సొంతంగా అతికించుకొన్న పలక, తీగలు నమ్మదగినవి కాజాలవు. వాటిని నేలపై పలుమార్లు పరీక్షించుకోవాలి.

భారతదేశంలో గ్లైడింగ్

భారతదేశంలో గ్లైడింగ్ శిక్షణకు పూణే సమీపంలోని హడప్సర్ గ్లైడింగ్ కేంద్రం, ఐఐటీ కాన్పూరు పేరు పొందినవి. 1950ల నుండి పౌర విమానయాన శాఖ స్వదేశీ గ్లైడర్లను రూపొందించింది. వాటికి అశ్విని, రోహిణి, కార్తీక్, మృగశీర్ష, ఆర్ద్ర అని నక్షత్రాలను తలపించే పేర్లు పెట్టారు. వీటిలో రోహిణి 1961లోను, కార్తీక్ 1963లోను మొదటిసారి ఎగిరాయి. నేషనల్ కేడెట్ కోర్ వైమానిక విభాగపు విద్యార్థుల శిక్షణలో కూడా గ్లైడర్లను వాడారు.

గ్లైడింగ్ కంటె తక్కువ ఖర్చుతో కూడిన పారాగ్లైడింగ్ మన దేశంలో ఎక్కువ వ్యాప్తి చెందింది. హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్-బిల్లింగ్‌లో 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్పు పోటీ జరిగింది. ఎక్స్‌సీసోర్ పారాగ్లైడర్లకు కూడా పనికివస్తుంది. అయితే వారు బరువు తక్కువగా ఉండే ఫోను, ఈ-పుస్తక పరికరాల వంటి వాటినే వాడతారు.

విద్యా ప్రయోజనం

గ్లైడరు అందుబాటులో లేని విద్యార్థులు కూడా రాస్ప్‌బెర్రీ పైపై ఈ సాఫ్టువేరును నడిపి చాలా విషయాలు నేర్చుకోవచ్చును. ఒక పీడన సెన్సరును జోడించి పాఠశాల మేడ మెట్లు ఎక్కితే, ప్రతి అంతస్తుకు పీడనం ఎంత తగ్గుతున్నదో తెరపై చూడవచ్చును. మూడు మీటర్ల అంతస్తుకు సుమారు 0.36 హెక్టోపాస్కల్‌ల తేడా రావాలి. కాండర్ అనే గ్లైడింగ్ సిమ్యులేటరు నుండి వెలువడే ఎన్‌ఎంఈఏ వాక్యాలను ఈ పలకకు అందిస్తే, నిజమైన గ్లైడరులో ఉన్నట్లే ఎక్స్‌సీసోర్ స్పందిస్తుంది. గతిశక్తి, స్థితిశక్తి, సదిశల సంకలనం, వాతావరణ పీడనం వంటి ఉన్నత పాఠశాల పాఠాలకు ఇవి చక్కని ప్రయోగాలు.

తెరపై కనిపించే సందేశాలన్నీ కోడు నుండి వేరుగా, గెట్‌టెక్స్ట్ అనే పద్ధతిలో ఉంచబడినవి. కనుక ప్రోగ్రామింగు తెలియనివారు కూడా అనువాదం ద్వారా ఈ ప్రాజెక్టుకు తోడ్పడవచ్చును.

ఇవి కూడా చూడండి

* గ్లైడరు
* పారాగ్లైడింగ్
* వేరియోమీటరు
* రాస్ప్‌బెర్రీ పై
* జీపీఎస్
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* తూర్పు కనుమలు
* గొలుగొండ